బ్రేక్ వేస్తే కూలబడే, రాయి తగిలితే బిగుసుకుపోయే ఫోర్క్: 1981 ఎక్స్‌టీ 500 మీద ఒక కేస్ స్టడీ

ఒకే ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకుని, కుదుపుల్ని మింగే రెండు కాళ్ల జత) మీద రెండు ఫిర్యాదులు. ముందు బ్రేక్ నొక్కగానే బండి ముక్కు కిందికి పడిపోతోంది. కంకర దారిలో పిడికెడంత రాయి తగిలినా హ్యాండిల్ నుంచి మోచేతుల దాకా అదురుతోంది. మొదటిది వింటే ఫోర్క్ మరీ మెత్తగా ఉందనిపిస్తుంది, రెండోది వింటే మరీ గట్టిగా ఉందనిపిస్తుంది. పాత ఆఫ్-రోడ్ బళ్లలో ఈ రెండూ జంటగా రావడం మామూలే. అలా వచ్చినప్పుడు విప్పి చూస్తే చాలాసార్లు బయటపడేది ఒకటే: స్ప్రింగ్ చెయ్యాల్సిన పనిని ఎవరో ఆయిల్ చేత చేయించారు.

ఈ బండి 1981 నాటి యమహా ఎక్స్‌టీ 500. 1976లో మార్కెట్లోకి వచ్చిన 499 సీసీ సింగిల్ సిలిండర్, ఫోర్ స్ట్రోక్ బండి. ఇంజన్ ఆయిల్ ఫ్రేమ్ గొట్టంలోనే ఉంటుంది, స్టార్ట్ చెయ్యాలంటే కిక్ ఒక్కటే దారి. మొదటి రెండు పారిస్-డాకర్ ర్యాలీల్లో, అంటే 1979లో, 1980లో, ఫ్రాన్స్‌కు చెందిన సిరిల్ నెవూ గెలిచింది ఈ బండి మీదే. అందుకే జర్మనీ, ఫ్రాన్స్‌లలో దీన్ని ఇప్పటికీ ప్రాణంగా చూసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. జర్మనీలో 30 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండికి చారిత్రక వాహనంగా హెచ్ నంబర్ ప్లేట్ ఇస్తారు. ఈ బండికి అది ఉంది.

యజమాని కాకినాడ కుర్రాడు. స్టుట్‌గార్ట్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. వేసవిలో ఇటలీ వెళ్లి, పీడ్‌మాంట్ కొండల్లో ఆసియెట్టా దారి మీద ఈ బండి నడపాలని అతని కోరిక. సముద్రమట్టానికి 2,000 మీటర్ల పైన, సెస్ట్రియేరే వైపు సాగే పాత మిలిటరీ కంకర దారి అది. దానికి ముందు టీయూవీ తనిఖీ, అంటే బండి రోడ్డు మీద తిరగడానికి తగినదేనా అని జర్మనీలో చేసే పరీక్ష కూడా ఉంది. ఫోర్క్‌లోంచి ఆయిల్ కారుతుంటే అక్కడ పాస్ చెయ్యరు. ఇతని ఫోర్క్ రెండు కాళ్లూ కారుతున్నాయి.

"బ్రేక్ వేస్తే కూలబడుతోందని చెబితే పోయినేడు వర్క్‌షాప్‌లో చిక్కటి ఆయిల్ పోశారన్నా. అప్పట్నుంచి కంకర మీద నడపలేకపోతున్నాను. పలచటిది పోసేద్దామా?" అని అడిగాడు.

"ఆయిల్ సంగతి ఆఖర్న చూద్దాం తమ్ముడూ. ముందు స్ప్రింగ్ చూడాలి, దానికంటే ముందు రాపిడి చూడాలి" అన్నాను. ఈ కేసంతా ఆ వరుసలోనే నడిచింది.

లోపల ఏం జరుగుతుంది

పేర్లు ముందే చెప్పుకుందాం. పైన మెరిసే క్రోమ్ గొట్టం ఫోర్క్ పైపు. కింద చక్రాన్ని పట్టుకునే అల్యూమినియం గొట్టం బాటమ్ కేస్. రెండు పైపుల్నీ హ్యాండిల్ దగ్గర పట్టుకునేవి పై టీ, కింది టీ. బాటమ్ కేస్ అడుగున ఒక ఆలెన్ బోల్టుతో నిలబెట్టిన సన్నటి గొట్టం డంపర్ రాడ్. ఆ రాడ్ అడుగున పెద్ద రంధ్రాలు, తల దగ్గర చిన్న రంధ్రాలు ఉంటాయి. చక్రం పైకి లేచినప్పుడు ఆయిల్ పెద్ద రంధ్రాల గుండా పోవాలి, ఆ అడ్డే కంప్రెషన్ డంపింగ్. చక్రం కిందికి దిగేటప్పుడు చిన్న రంధ్రాల గుండా పోవాలి, అది రీబౌండ్ డంపింగ్. షిమ్ములు (ఆయిల్ దారిని అదుపు చేసే పలచటి రేకు బిళ్లలు), సర్దుకునే స్క్రూలు ఏమీ ఉండవు. డెబ్బైల నాటి ఆఫ్-రోడ్ బళ్లలో ఎక్కువ భాగం ఈ పద్ధతే.

ఈ డిజైన్ బలహీనత రంధ్రంలోనే ఉంది. రంధ్రం గుండా ఆయిల్‌ను తోసినప్పుడు ఎదురయ్యే బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది. బ్రేక్ వేసినప్పుడు ఫోర్క్ కుంగే వేగం సెకనుకు 15 సెంటీమీటర్లు అనుకోండి. కొసతేలిన రాయి తగిలినప్పుడు చక్రం పైకి లేచే వేగం సెకనుకు మీటరున్నర అనుకోండి. వేగం పది రెట్లు, బలం మాత్రం వంద రెట్లు. బ్రేక్ వేసినప్పటి కుంగుబాటును ఆయిల్‌తో ఆపాలని చూస్తే, ఆ ఆయిల్ రాయి దగ్గరకొచ్చేసరికి గోడ అయిపోతుంది. అదీకాక బ్రేక్ పట్టుకుని ఉన్నంతసేపూ బరువు ముందు చక్రం మీదే ఉంటుంది. డంపింగ్ అన్నది కదలిక వేగాన్ని తగ్గించగలదు కానీ, ఎంత లోతుకు కుంగాలో నిర్ణయించలేదు. లోతును నిర్ణయించేది స్ప్రింగ్, దానికి తోడు లోపల నలిగే గాలి.

చిక్కటి ఆయిల్ చేసే చెరుపు ఇంకొకటుంది. రీబౌండ్ రంధ్రాలు చిన్నవి కాబట్టి చిక్కదనం ప్రభావం అక్కడ ఎక్కువ. ఒక రాయి మీద కుంగిన ఫోర్క్ పూర్తిగా లేవకముందే రెండో రాయి వస్తుంది, అది లేచేలోపు మూడోది. పది రాళ్లు దాటేసరికి ఫోర్క్ సగానికి పైగా కిందే ఉండిపోతుంది. అక్కడ గాలి నలిగి ఉంటుంది, స్ప్రింగ్ నొక్కుకుని ఉంటుంది, మిగిలిన ప్రయాణం కొంచెమే. నడిపేవాడికి ఫోర్క్ గట్టిగా ఉన్నట్టు తెలుస్తుంది. నిజానికి అది కిందికి దిగి ఇరుక్కున్న మెత్తటి ఫోర్క్.

విప్పకముందు కొలిచినవి

ఏ ఫోర్క్ అయినా విప్పకముందు నేను ముందు కొలిచేది రాపిడి. దానికి ఒక టేపు, ఇద్దరు మనుషులు చాలు. ముందు చక్రం గాల్లో ఉన్నప్పుడు ఇరుసు నుంచి కింది టీ వరకు దూరం కొలుస్తాను. తరవాత నడిపేవాడు పూర్తి రైడింగ్ గేరుతో, హెల్మెట్‌తో సహా కూర్చుంటాడు. బండిని ముందు నుంచి కొంచెం పైకి లేపి, నెమ్మదిగా వదిలి, ఎక్కడ ఆగిందో కొలుస్తాను. మళ్లీ కిందికి నొక్కి, నెమ్మదిగా వదిలి, ఎక్కడి దాకా లేచిందో కొలుస్తాను. రాపిడి అసలే లేకపోతే రెండు కొలతలూ ఒకటే కావాలి. కొంత తేడా ఎప్పుడూ ఉంటుంది. మొదటి దూరంలోంచి వీటిని తీసేస్తే ఎంత కుంగిందో తెలుస్తుంది. సగటు తీస్తే అది అసలు సాగ్, అంటే బరువుకు ఫోర్క్ కుంగే మేర. తేడా ఎంతో అది రాపిడి.

ఈ బండికి కుంగుబాటు పైనుంచి దిగినప్పుడు 71 మి.మీ., కింది నుంచి లేచినప్పుడు 105 మి.మీ. సగటు 88. ఈ ఫోర్క్ మొత్తం ప్రయాణం 195 మి.మీ. అంటే మనిషి ఊరికే కూర్చుంటేనే 45 శాతం ఖర్చయిపోయింది. ఇలాంటి వాడకానికి నేను 30 శాతం దగ్గర ఉండేలా చూస్తాను. ఇక తేడా 34 మి.మీ. తరవాత కొలిచిన స్ప్రింగ్ రేటుతో (మిల్లీమీటరు నొక్కడానికి కావాల్సిన బలం) లెక్కేస్తే, ఒక్కో కాలిలో సుమారు 6 కిలోల బలం రాపిడి దగ్గరే హరించుకుపోతోంది. చిన్న చిన్న గులకరాళ్లు ఆ 6 కిలోలు దాటలేవు. ఫోర్క్ కదలనే కదలదు, దెబ్బ నేరుగా హ్యాండిల్‌కి వెళుతుంది.

ఈ దశలో ఆయిల్ మార్చి చూడటం వల్ల ఏమీ తేలదు. ఎందుకంటే మారిందేదో, మారనిదేదో రాపిడి కింద కప్పబడి ఉంటుంది. నా దగ్గరికి వచ్చే బళ్లలో సగం, రాపిడి తీసేశాక యజమానులు ఇంకేమీ అడగకుండా తీసుకెళ్లేవే.

రాపిడి ఎక్కడ

వెతకాల్సిన చోట్లు నాలుగు: వంగిన పైపు, మెలిపడిన టీ, ఎండిన సీలు (ఆయిల్ కారకుండా పైపు చుట్టూ ఉండే రబ్బరు రింగు), ఇరుసు బిగించిన తీరు. చక్రం తీసేశాక రెండు బాటమ్ కేసుల్నీ విడివిడిగా చేత్తో పైకీ కిందికీ ఆడించాను. కుడిది పరవాలేదు, ఎడమది మధ్యలో ఒక చోట పట్టేస్తోంది.

టీలు మెలిపడ్డాయో లేదో చూడటానికి నేను వాడేది మందపాటి అద్దం ముక్క. చదునైనది, పెద్ద పుస్తకమంత ఉంటే చాలు. రెండు ఫోర్క్ పైపుల మీదా అడ్డంగా ఆనిస్తే, పైపులు రెండూ ఒకే తలంలో ఉన్నప్పుడు అద్దం నాలుగు చోట్లా తాకి కదలకుండా నిలుస్తుంది. మెలి ఉంటే ఒక మూల లేచి టకటకా కొట్టుకుంటుంది. ఇక్కడ కొట్టుకుంది, ఆ మూలలో 0.6 మి.మీ. ఫీలర్ గేజ్ (సందు కొలిచే రేకు) దూరింది. బండి ఎప్పుడో పడి ఉంటుంది. అదృష్టం కొద్దీ టీలు వంగలేదు, పడినప్పుడు పైపులు బిగింపులో తిరిగి అలాగే ఉండిపోయాయంతే. కింది టీ బోల్టులు, పై టీ బోల్టులు, మధ్య నట్టు అన్నీ వదులు చేసి, సర్ది, అద్దం పెట్టి చూస్తూ మళ్లీ బిగిస్తే తేడా పోయింది. ఈ అద్దం పరీక్షకు అయ్యే ఖర్చు సున్నా. అయినా చాలామంది దీన్ని దాటేసి నేరుగా సీళ్లు కొనడానికి వెళతారు, అది నాకు బాధ.

అప్పుడే స్టీరింగ్ బేరింగులు కూడా చూశాను. హ్యాండిల్ నేరుగా ఉన్నప్పుడు ఒక చోట చిన్నగా ఆగుతోంది. బాల్స్ ఆనే గిన్నెల్లో గుంటలు పడ్డాయి, మార్చేశాను. ఇది ఫోర్క్ పని కాకపోయినా చెప్పడం ఎందుకంటే, వదులైన స్టీరింగ్ బేరింగ్ బ్రేక్ వేసినప్పుడు చేసే టక్కు శబ్దాన్ని ఫోర్క్ అరుగుదలగా పొరబడటం ఎక్కువ.

ఫోర్క్ విప్పడంలో మొండికేసేది అడుగున ఉన్న ఆలెన్ బోల్టు. దాన్ని తిప్పితే లోపల డంపర్ రాడ్ కూడా దానితోపాటే తిరుగుతుంది. స్ప్రింగ్ తియ్యకముందే, ఆ ఒత్తిడి రాడ్‌ను పట్టుకుని ఉండగానే ఈ బోల్టును వదులు చెయ్యడం సులువు. అప్పటికీ రాకపోతే చీపురు కర్ర చివర చెక్కి, పైనుంచి రాడ్ తలలోకి గట్టిగా దిగ్గొట్టి, ఒకరు పట్టుకుంటే ఇంకొకరు విప్పాలి. ఎడమ కాలికి అదే చెయ్యాల్సి వచ్చింది.

బయటికొచ్చిన ఆయిల్ బూడిద రంగులో, వెండి పొడి కలిపినట్టు ఉంది, చేపల వాసన. అది అరిగిన అల్యూమినియం. ఎడమ కాలిలో ఆయిల్ కుడి కాలిలో కంటే బాగా తక్కువ. పైపును వీ-బ్లాకుల మీద పెట్టి తిప్పుతూ డయల్ గేజ్ ఆనిస్తే ఎడమ పైపు 0.5 మి.మీ. చూపించింది. తిప్పినప్పుడు గేజ్ చూపించేది అసలు వంపుకు రెట్టింపు, అంటే వంపు పావు మిల్లీమీటరు. వంపు కింది టీ బిగింపు దగ్గరే ఉంది. ఇంత వంపును హైడ్రాలిక్ ప్రెస్ మీద తియ్యవచ్చు. కానీ ఈ పైపు క్రోమ్ కూడా పాడైంది. సీలు నడిచే మేర, ముందు వైపు, సూదితో గుచ్చినట్టు తుప్పు గుంటలు. గోరు పెట్టి లాగితే తగులుతున్నాయి. గోరుకు తగిలిందంటే సీలు పెదవిని కోస్తుందన్నమాటే.

తుప్పు కారణం చూస్తే, మధ్యలో ఎవరో తగిలించిన రబ్బరు బెలోస్, అంటే పైపుల్ని కప్పే ముడతల తొడుగులు. బురద నుంచి కాపాడతాయని వేస్తారు, మంచిదే. అయితే వాటి అడుగు భాగంలో నీరు పోయే రంధ్రం మూసుకుపోతే, చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు కలిసిన నీరు లోపలే నిలిచి క్రోమ్‌ను తినేస్తుంది. రెండు పైపులకీ కొత్త హార్డ్ క్రోమ్ వేయించి గ్రైండ్ చేయించడమా, కొత్త పైపులు కొనడమా అని లెక్క చూస్తే, వంపు కూడా ఉంది కాబట్టి కొత్తవే నయం అనిపించింది. వంగనిదై, గుంటలు ఒకటో రెండో మాత్రమే ఉంటే, వాటిని ఎపాక్సీతో నింపి సన్నటి నూనెరాయితో చదును చేసి నడిపించవచ్చు. అలా చేసినవి ఏళ్ల తరబడి నిలవడం చూశాను.

బాటమ్ కేసుల లోపల బోర్ గేజ్‌తో కొలిస్తే ముందు-వెనక దిశలో కాస్త కోలగా అరిగాయి. కొత్త పైపు పెట్టి ఊపి చూస్తే కాస్త వదులు కనిపిస్తోంది కానీ, వదిలెయ్యదగినంత. దీన్ని ఇప్పుడు ముట్టుకోనక్కర్లేదని తేల్చాను.

స్ప్రింగులు

పాత స్ప్రింగు మెత్తబడింది అని అందరూ అంటారు. ఉక్కు స్ప్రింగు ఏళ్లు గడిస్తే పొట్టిదవుతుంది, దాని రేటు మాత్రం మారదు. రేటు అన్నది తీగ మందం, చుట్ట వ్యాసం, చుట్టల సంఖ్య, ఉక్కు గుణం, ఈ నాలుగింటి మీదే ఆధారపడుతుంది. ఇవేవీ వాడకం వల్ల మారవు. పొట్టిదైతే పోయేది ప్రీలోడ్, అంటే ఫోర్క్ పూర్తిగా చాచి ఉన్నప్పుడే స్ప్రింగు నొక్కుకుని ఉండే మేర. కాబట్టి కొలవాల్సినవి రెండు: పొడవు, రేటు.

పొడవులో రెండు స్ప్రింగుల మధ్య 6 మి.మీ. తేడా. రేటు కొలవడానికి ఇంట్లో బరువు చూసుకునే మిషన్‌ను డ్రిల్ ప్రెస్ బల్ల మీద పెట్టి, స్ప్రింగును దాని మీద నిలబెట్టి, పై నుంచి ప్రెస్‌తో కచ్చితంగా 50 మి.మీ. నొక్కాను. స్ప్రింగు వంగి ఎగిరిపోకుండా లోపల ఒక రాడ్ దూర్చి ఉంచాలి, ఇది మరిచిపోకండి. మిషన్ 17.5 కిలోలు చూపించింది. ఇంకో 50 నొక్కినా పెరిగింది అంతే. అంటే మిల్లీమీటరుకు 0.35 కిలోలు.

ఇది సరిపోతుందా అన్నది బరువులు చెబుతాయి. ట్యాంకు నిండిన బండి 150 కిలోలు, గేరుతో మనిషి 88, మొత్తం 238. ముందు చక్రం మీద అందులో 105 దాకా పడుతోంది. చక్రం, బ్రేక్, బాటమ్ కేసులు కలిపి 16 కిలోలు స్ప్రింగు కిందే ఉంటాయి కాబట్టి అవి తీసేస్తే 89. ఫోర్క్ సుమారు 30 డిగ్రీలు వాలి ఉంటుంది కాబట్టి, దాని వెంబడి పడే భాగం 77. ఒక్కో కాలికి 38.5 కిలోలు. లోపలి గాలి ఇచ్చే ఊతం తీసేసి, 20 మి.మీ. ప్రీలోడ్‌తో 60 మి.మీ. సాగ్ రావాలంటే మిల్లీమీటరుకు 0.45 కిలోల స్ప్రింగు కావాలి. పాతదానికన్నా దాదాపు 30 శాతం గట్టిది. చాలా పాత ట్రైల్ బళ్ల స్ప్రింగులు ఈనాటి మనిషికి, సామానుతో చేసే ప్రయాణానికి చాలవు.

ఈ చోట ఒక పొరపాటు మార్గం ఉంది. పాత స్ప్రింగు మీద పొడవాటి పైపు ముక్క పెట్టి ప్రీలోడ్ పెంచితే సాగ్ కొలత సరిపోతుంది, అంకె బాగుంటుంది. రేటు మాత్రం 0.35గానే ఉంటుంది. మొదట్లో బిగుసుకుని, గట్టి బ్రేక్‌కి మళ్లీ అదే కూలబాటు. సాగ్ అంకె ఒక్కటే చూసుకుని సంతోషించకూడదని చెప్పేది ఇందుకే.

కొత్త స్ప్రింగుకు ఇంకో లెక్క కూడా చూడాలి. 195 ప్రయాణం, 20 ప్రీలోడ్ కలిపితే 215 మి.మీ. అంత నొక్కినా చుట్టలు ఒకదానికొకటి ఆనకూడదు. ఆనితే ఫోర్క్ లోపల ఇనుము ఇనుముతో ఆగుతుంది. మనకు దొరికిన జతలో ఇంకా చోటుంది. ప్రీలోడ్‌కి అల్యూమినియం గొట్టం ముక్కలు కోసి, స్ప్రింగుకూ గొట్టానికీ మధ్య గట్టి వాషర్ వేశాను.

ఆయిల్, గాలి

ఇప్పుడు ఆయిల్. డబ్బా మీద ఉండే 5, 10, 15 అంకెల్ని నేను నమ్మను. ఫోర్క్ ఆయిళ్లకు ఆ అంకెల విషయంలో అందరూ ఒప్పుకున్న కొలమానం లేదు. ఒక కంపెనీ 10, ఇంకో కంపెనీ 15 కంటే చిక్కగా ఉండటం కూడా జరుగుతుంది. చూడాల్సింది డేటా షీట్‌లో 40 డిగ్రీల దగ్గర ఇచ్చే సెంటీస్టోక్ (చిక్కదనం కొలమానం) అంకె. దానితోపాటు విస్కాసిటీ ఇండెక్స్. కొండల్లో పొద్దున 5 డిగ్రీల చలిలో బయలుదేరిన బండి, గంట తిరిగేసరికి ఫోర్క్ వేడెక్కి ఉంటుంది. ఇండెక్స్ ఎక్కువున్న ఆయిల్ ఈ రెండు వేళల్లోనూ పెద్దగా మారదు.

చిక్కదనాన్ని ఎంచుకోవడంలో నా నియమం ఒకటే: రీబౌండ్‌ను బట్టి ఆయిల్, కంప్రెషన్‌ను బట్టి రంధ్రాలు. ఆయిల్ మారిస్తే రెండూ మారతాయి. రంధ్రాలు మారిస్తే కావలసిన ఒకటే మారుతుంది. అందుకని ముందు ఆయిల్‌తో రీబౌండ్ కుదుర్చుకుని, మిగిలింది రంధ్రాల దగ్గర చూసుకోవాలి. 40 డిగ్రీల దగ్గర 36 సెంటీస్టోక్‌ల ఆయిల్ పోసి, ముందు భాగాన్ని గట్టిగా నొక్కి వదిలితే లేచి, కొద్దిగా దాటి, ఒకసారిలో కుదురుకుంది. స్ప్రింగు గట్టిదైంది కాబట్టి రీబౌండ్ కాస్త ఎక్కువే కావాలి, ఇది సరిపోయింది.

ఎంత పొయ్యాలి అన్నదానికి సీసీల లెక్క కన్నా మట్టం లెక్క నయం. గోడలకు అంటుకుని మిగిలిన పాత ఆయిల్ ఎంతో తెలియదు కాబట్టి. స్ప్రింగు లేకుండా, ఫోర్క్‌ను పూర్తిగా మూసి, చేత్తో ఆడించి లోపలి గాలి బుడగలు పోయేదాకా ఆగి, పైపు అంచు నుంచి ఆయిల్ దాకా లోతు కొలవాలి. ఈ అంకె తగ్గితే మట్టం పెరిగినట్టు. 150 మి.మీ.తో మొదలుపెట్టాను.

ఆ ఖాళీలో ఉన్న గాలి రెండో స్ప్రింగు. పైపు బయటి వ్యాసం 36 మి.మీ., లోపల 28 అనుకుని లెక్కేశాను. స్ప్రింగు ఆక్రమించే చోటు వదిలేస్తే, 150 మట్టంతో పూర్తిగా కుంగినప్పుడు గాలి ఒక్కో కాలిలో దాదాపు 22 కిలోల బలంతో నెడుతుంది. మట్టాన్ని 130కి పెంచితే అది 25.5 దాటుతుంది. అదే 50 మి.మీ. కుంగిన చోట చూస్తే రెండు మట్టాల మధ్య తేడా 100 గ్రాములే. అంటే ఆయిల్ మట్టం మొదటి సగంలో దాదాపు ఏమీ చెయ్యదు, చివరి మూడో వంతులోనే పనిచేస్తుంది. ఫోర్క్ అడుగు తాకుతోందంటే మట్టం పెంచాలి. బ్రేక్‌కి కూలబడుతోందని మట్టం పెంచితే ఫలితం ఉండదు.

సీళ్లు వేసేటప్పుడు స్ప్రింగు చుట్ట ఉన్న వైపు ఆయిల్ వైపుకు రావాలి. పైపు అంచు మీద ప్లాస్టిక్ సంచి ముక్క చుట్టి, గ్రీజు రాసి జార్చితే పెదవి తెగదు. అడుగు బోల్టుకు కొత్త రాగి వాషర్. బెలోస్ వద్దన్నాను. ఇష్టమైతే కొత్తవి వేసుకోవచ్చు కానీ అడుగు రంధ్రం తెరిచి ఉంచుకోవాలి.

చక్రం ఎక్కించే తీరు మీద కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఖర్చు లేకుండా రాపిడి తెచ్చిపెట్టేదీ, తీసేసేదీ ఇదే. ఇరుసును ఒక కాలికి బిగించాలి. రెండో కాలి క్లాంప్ నట్లు వదులుగా ఉంచాలి. బండిని నేల మీదికి దింపి, ముందు బ్రేక్ పట్టుకుని ఫోర్క్‌ను గట్టిగా కుంగదీసి వదలాలి, నాలుగైదుసార్లు. వదులుగా ఉన్న కాలు ఇరుసు మీద తనకు తానే జరిగి సరైన చోటు వెతుక్కుంటుంది. అప్పుడు బిగించాలి. ముందే బిగించేస్తే రెండు కాళ్లూ లోపలికో బయటికో లాగబడి, ఎంత మంచి పైపు అయినా పట్టేస్తుంది.

మళ్లీ సాగ్ కొలిచాం. పైనుంచి దిగినప్పుడు 53, కింది నుంచి లేచినప్పుడు 65. సగటు 59, తేడా 12. మనిషి లేకుండా బండి ఒక్కటే అయితే 28 మి.మీ. కుంగింది.

ముందు భాగం ఇప్పుడు మునుపటికన్నా 29 మి.మీ. ఎత్తున నిలుస్తోంది. స్టీరింగ్ బరువైందని కుర్రాడే చెప్పాడు, సరిగ్గానే పట్టుకున్నాడు. పైపుల్ని టీలలో 10 మి.మీ. పైకి జరిపాను. అలా జరిపేముందు స్ప్రింగులు లేకుండా ఫోర్క్‌ను పూర్తిగా మూసి, టైరు మడ్‌గార్డ్‌కీ కింది టీకీ తగలడం లేదని చూసుకోవాలి. ఇది తప్పనిసరి, తగిలితే చక్రం ఉన్నచోటే ఆగిపోతుంది.

కంకర మీద

దగ్గర్లో ఒక పాత క్వారీలో ఎండ్యూరో ట్రాక్ ఉంది. జర్మనీలో అడవి దారుల్లో ఇష్టం వచ్చినట్టు బళ్లు నడపనివ్వరు, అందుకని పరీక్షలన్నీ అక్కడే. పైపుకు ఒక జిప్ టై కట్టి సీలు దాకా జరిపి పెట్టాం. ఎంత లోతు దాకా కుంగిందో అదే చూపిస్తుంది.

బ్రేక్ సమస్య మొదటి రౌండులోనే పోయింది. ముక్కు దిగుతుంది, ఒక చోట నిలుస్తుంది. వరస రాళ్ల మీద ఫోర్క్ లేస్తూ పడుతూ పనిచేస్తోంది, చేతులకు వచ్చే అదురు చాలా తగ్గింది. అయితే రెండు మిగిలాయి. గట్టి గుంటలో జిప్ టై చివరి దాకా వెళ్లిపోయింది. ఇటుక అంచులాంటి నిలువు మెట్టు తగిలితే మాత్రం ఇంకా చురుక్కుమంటోంది.

మొదటిదానికి ఆయిల్ మట్టం 130కి పెంచాను. తరవాత అదే గుంటలో 12 మి.మీ. మిగిలింది. ఆ మాత్రం మిగలాలి, అసలైన పెద్ద దెబ్బ కోసం.

రెండోదానికి దారులు రెండు. ఒకటి, రేస్ టెక్‌కు చెందిన పాల్ థీడ్ రూపొందించిన కార్ట్రిడ్జ్ ఎమ్యులేటర్. డంపర్ రాడ్ తల మీద కూర్చుని, స్ప్రింగు ఒత్తిడితో నిలిచే చిన్న వాల్వ్. నెమ్మదిగా కదిలినప్పుడు అడ్డుకుంటుంది, దెబ్బ గట్టిదైతే తెరుచుకుని ఆయిల్‌ను వదిలేస్తుంది. డంపర్ రాడ్ ఫోర్క్‌కు పుట్టుకతో ఉన్న వర్గం లెక్క సమస్యకు ఇది అసలైన మందు. మోటోక్రాస్‌లో దూకే బండి అయితే ఇంకో ఆలోచన లేకుండా ఇదే వేసేవాణ్ని. దీన్ని వెయ్యాలంటే రాడ్ అడుగు రంధ్రాలు ఎలాగూ బాగా పెద్దవి చెయ్యాలి, లేకపోతే వాల్వ్ తెరుచుకున్నా రాడ్ అడ్డుకుంటుంది.

రెండోది, రంధ్రాలు మాత్రమే కొంచెం పెంచడం. కుర్రాడికి లోపలి భాగాలు కూడా ఆ కాలంవే ఉండాలని పట్టుదల. ఆసియెట్టా మీద దూకేదీ లేదు. అందుకని పాత విడిభాగాల దుకాణంలో ఇంకో జత డంపర్ రాడ్లు కొనిపించి, అసలువి కాగితం చుట్టి దాచిపెట్టించాను. రంధ్రం పెద్దది చెయ్యడం నిమిషం పని, తిరిగి చిన్నది చెయ్యాలంటే వెల్డింగో బ్రేజింగో కావాలి. కొత్త జతలో కంప్రెషన్ రంధ్రాల మొత్తం వైశాల్యాన్ని మూడో వంతు పెంచాను. లెక్క ప్రకారం అదే వేగంలో ఎదురయ్యే బలం 56 శాతానికి దిగుతుంది, ఇది చిన్న మార్పేమీ కాదు. వ్యాసంలో చూస్తే 15 శాతం పెరుగుదల మాత్రమే, అందుకే చాలామంది చెయ్యి జారి ఎక్కువ తొలిచేస్తారు. అంచులకున్న గరుకు సన్నటి ఆకురాయితో లోపలా బయటా తీసి, చిన్న ఇనుప పొడి కూడా మిగలకుండా కడిగి ఎక్కించాను. ఒక్క రేణువు సీలు కిందికి చేరినా కొత్త క్రోమ్ మీద గీత పడుతుంది.

నిలువు మెట్టు మీద చురుకు పోయింది. బ్రేక్ వేసినప్పుడు కుంగే వేగం రవంత పెరిగింది, లోతు మాత్రం మారలేదు. స్ప్రింగు తన పని తాను చేస్తుండగా కంప్రెషన్ డంపింగ్ అంత తగ్గించినా బండి కూలబడలేదు. పాత 0.35 స్ప్రింగు మీద ఇదే రంధ్రం తొలిచి ఉంటే ప్రతి గుంటకూ అడుగు తాకేది.

టీయూవీ తనిఖీలో ఫోర్క్ గురించి మాట రాలేదు. ఇటలీ ప్రయాణం అయ్యాక బండి మళ్లీ నా దగ్గరికి వచ్చింది. సీళ్లు పొడిగా ఉన్నాయి. ఆయిల్ దింపి చూస్తే కొంచెం మసకబారింది. కొత్త పైపులు, పాత బాటమ్ కేసులు ఒకదానికొకటి సర్దుకునే మొదటి దశలో ఇది మామూలే, కాబట్టి మొదటి ఆయిల్ తొందరగా మార్చడం మంచిది. తరవాత ఏడాదికోసారి చాలు. జిప్ టై 15 మి.మీ. మిగిల్చింది. ముందు భాగం ఇలా కుదురుకున్నాక వెనక షాకులు ఎంత అరిగిపోయాయో ఇప్పుడు తెలుస్తోందని కుర్రాడు అంటున్నాడు. కొలిచి చూస్తే ఎడమ షాకులో డంపింగ్ అసలు లేదు. చలికాలంలో అవి విప్పుతాం.